నల్ల శిస్తు: ‘బ్లాక్‌మెయిల్’ పుట్టిన ఊళ్లు

(జంట పదాల చరిత్ర – 7వ భాగం)

గత భాగంలో ‘డెడ్‌లైన్’ కథ చూశాం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ చెరలో ప్రహరీకి లోపలి పక్క కర్రలతో ఒక దడి కట్టారు. దాన్ని దాటిన ఖైదీని కాపలావాడు అక్కడికక్కడే కాల్చేయవచ్చు. ఆ చావు గీత తర్వాత పత్రికాఫీసుల్లోకి వచ్చి గడువు అనే అర్థంలో స్థిరపడింది. ఈసారి తీసుకున్న మాట అంతకంటే మూడు వందల ఏళ్లు పాతది. అది పుట్టింది చెరలో కాదు, పొలాల్లో. పలికింది సైనికులు కాదు, గొడ్లు కాచుకునే రైతులు. ఆ మాట ‘బ్లాక్‌మెయిల్’.

ఈ మాటకు అర్థం చెప్పమని తెలుగువారెవరూ అడగరు. గుట్టు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజడమని చిన్నపిల్లలకూ తెలుసు. పత్రికల్లో, సినిమాల్లో, ఇంటి గొడవల్లో అంతగా కలిసిపోయింది. చిక్కంతా రెండో సగంతోనే. మెయిల్ అనగానే ఉత్తరం గుర్తొస్తుంది, మద్రాసు మెయిలు గుర్తొస్తుంది. బెదిరింపు ఉత్తరం రాస్తారు కనుక నల్ల ఉత్తరం అన్నారేమోనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ మెయిల్‌కీ తపాలాకీ చుట్టరికం లేదు. తపాలా మెయిల్ పాత ఫ్రెంచిలో సంచి అనే మాట నుంచి వచ్చింది. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్ స్కాట్లాండు పల్లె మాట. దానికి అర్థం కౌలు, శిస్తు. సముద్రం దాటి వచ్చిన నార్స్ జనం భాషలో మాట, ఒడంబడిక అని అర్థమిచ్చే పదం దానికి మూలం. రైతు భూస్వామికి ఒప్పుకున్న ప్రకారం ఏటా కట్టేది మెయిల్. గొడ్ల మేతకు కట్టేది గ్రాస్‌మెయిల్. పల్నాటి రైతుల చేత తెల్ల సర్కారు కట్టించుకున్న పుల్లరి అచ్చం ఇలాంటిదే.

మరి ఈ శిస్తు నల్లగా ఎందుకైంది? దీనికి రెండు వివరణలున్నాయి. వెండి నాణేలతో కట్టే కౌలును తెల్ల కౌలు అనేవారు కాబట్టి, నాణెం లేని పేదలు గొడ్లు, ధాన్యం ఇచ్చి తీర్చేది నల్లదైందని ఒకటి. న్యాయం కాని శిస్తు కాబట్టి నల్లదన్నారని రెండోది. ఏది నిజమైనా, 16వ శతాబ్దం నడుమ నాటికి ఈ మాట స్కాట్లాండు దస్తావేజుల్లోకి ఎక్కింది. ఆ రోజుల్లో దానికి గుట్టుతో పని లేదు, ఉత్తరంతో పని లేదు. పట్టపగలే అడిగేవారు, పట్టపగలే కట్టేవారు. దొరకు కట్టే కౌలు వేరు, దొంగకు కట్టే కౌలు వేరు. ఆ రెండోదే బ్లాక్‌మెయిల్.

ఒక దేశంలో దొంగ కూడా శిస్తు వసూలు చేసే రోజు ఎలా వచ్చింది? అందుకు రెండు రాజ్యాల తగవు దగ్గరకు వెళ్లాలి.

ఇంగ్లండుకూ స్కాట్లాండుకూ నడుమ పడమట సాల్వే అఖాతం నుంచి తూర్పున బెరిక్ పట్నం దాకా దాదాపు 150 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. మధ్యలో చెవియట్ కొండలు. 1237లో యార్క్ ఒప్పందంతో రెండు రాజ్యాలూ ఆ గీతను ఒప్పుకున్నాయి. 1249లో సరిహద్దు తగవులు తీర్చడానికి ప్రత్యేక చట్టాలు కూడా రాసుకున్నాయి. ఆ పెద్దరికం ఎంతో కాలం నిలవలేదు. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు బెరిక్ మీద పడి ఊరిని ఊచకోత కోయించాడు. అది మొదలు మూడు వందల ఏళ్లు యుద్ధాలే. 1513లో ఫ్లాడెన్ పోరులో స్కాట్లాండు రాజు నాలుగో జేమ్స్ నేలకొరిగాడు. 1540ల్లో, పసిబిడ్డ అయిన స్కాట్లాండు రాణి మేరీని తన కొడుక్కి కట్టబెట్టమని ఎనిమిదో హెన్రీ సేనలను పంపి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించాడు.

సేనలు వచ్చిన ప్రతిసారీ ఒకే దారిన వచ్చాయి. పోయేటప్పుడూ అదే దారి. ఆ దారిలో కాపురముంటున్న రైతు చల్లిన బార్లీ, ఓట్స్ ఇంటికి చేరతాయన్న నమ్మకం పోయింది. పైరు కాలిపోతుంది, గుడిసె కూలిపోతుంది. కాళ్లున్న ఆస్తి ఒక్కటే మిగులుతుంది, అవి గొడ్లు. వాటినైతే కొండల్లోకి తోలుకుపోవచ్చు. ఆ సులువే శాపమైంది. తోలుకుపోగలిగిన ఆస్తిని పొరుగువాడూ తోలుకుపోగలడు. పైగా టైన్‌డేల్, రీడ్స్‌డేల్ లోయల్లో తండ్రి భూమిని కొడుకులందరూ పంచుకునే ఆచారం ఉండేది. తరాలు గడిచేకొద్దీ చెక్కలు చిన్నవయ్యాయి, కడుపు నిండడం కష్టమైంది. యుద్ధం నేర్పిన గుర్రపు స్వారీ, ఈటె పట్టు చేతిలో ఉండనే ఉన్నాయి. కోతలు ముగిసి రాత్రులు పొడుగయ్యే వేళకు మగవాళ్లు గుర్రాలెక్కేవారు.

వాళ్లనే రీవర్లు అన్నారు. దోచేవారని అర్థం. తలమీద ఉక్కు టోపీ, ఒంటిమీద లోపల లోహపు పలకలు పెట్టి కుట్టిన దళసరి కోటు, చేతిలో పొడవాటి ఈటె, కింద బురద నేలలో కూడా అలవోకగా నడిచే పొట్టి గుర్రం. వీళ్లు అడవుల్లో దాగిన ముఠాలు కారు. ఊరున్నవాళ్లు, పొలమున్నవాళ్లు, పెళ్లాం బిడ్డలున్నవాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగులు, ఇలియట్లు, గ్రాహాములు, నిక్సన్లు, స్కాట్లు, కెర్లు, మాక్స్‌వెల్లు, జాన్‌స్టన్లు, చార్ల్‌టన్లు. ఇంటిపేరే వాళ్లకు దేశం. గ్రాహాములైతే సరిహద్దుకు రెండు పక్కలా ఉండేవారు. అక్కరను బట్టి ఒక రోజు ఇంగ్లండు మనుషులు, ఇంకో రోజు స్కాట్లాండు మనుషులు.

పగలు కూడా ఇంటిపేర్ల మధ్యే. 1552లో ఎడిన్‌బరో నడివీధిలో స్కాట్ల పెద్ద బక్లూ ప్రభువును కెర్లు నరికి చంపారు. 1593 డిసెంబరులో డ్రైఫ్ శాండ్స్ దగ్గర మాక్స్‌వెల్లులకూ జాన్‌స్టన్లకూ జరిగిన పోరులో మాక్స్‌వెల్ ప్రభువే హతమయ్యాడు. 1608లో అతని కొడుకు, రాజీకని పిలిచి జాన్‌స్టన్ల పెద్దను కాల్చి చంపాడు. 1613లో ఆ నేరానికి తల పోగొట్టుకున్నాడు. ఒక చావుకు ఇంకో చావు బాకీ. సాక్షి చెప్పాలన్నా, తీర్పు ఇవ్వాలన్నా ముందు ఇంటిపేరు చూసుకోవాల్సిన రోజులవి.

ఆ భయం ఇళ్ల కట్టడంలోనే కనిపిస్తుంది. ఉన్నవాళ్లు పీల్ అనే రాతి బురుజులు కట్టుకున్నారు. మధ్యతరగతి రైతు కట్టుకున్నది బాస్టిల్. మందమైన రాతి గోడలు, సన్నటి కంతల్లాంటి కిటికీలు. కింది అంతస్తు గొడ్లకు, పైది మనుషులకు. రాత్రి కాగానే నిచ్చెన పైకి లాగేసుకునేవారు. ఏమీ లేనివాడు మట్టి పెళ్లలు, కర్రలతో గుడిసె వేసుకునేవాడు. తగలబెడితే పూటలో మళ్లీ వేసుకోవచ్చు. నార్తంబర్లండులో ఇప్పటికీ కొన్ని బాస్టిల్ ఇళ్లు నిలిచి ఉన్నాయి. స్కాట్ల ఇంట్లో వంటకు మాంసం నిండుకుంటే ఇల్లాలు భోజనం పళ్లెంలో గుర్రపు ముల్లు పెట్టి మగవాడి ముందుంచేదని ఐతిహ్యం. తిండి కావాలంటే గుర్రమెక్కు అని దాని భావం.

రెండు రాజ్యాలూ చేతులు కట్టుకు కూర్చోలేదు. సరిహద్దును అటు మూడు, ఇటు మూడు మండలాలుగా పంచి, ఒక్కోదానికి వార్డెన్ అనే అధికారిని పెట్టాయి. ఇరుపక్కల వార్డెన్లు కొన్ని రోజులకొకసారి ఒకచోట కూడి ఫిర్యాదులు వినేవారు. ఆ రోజున, మర్నాడు పొద్దు పొడిచే దాకా, ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. మంద పోయినవాడు ఆరు రోజుల్లోపు దొంగలను వెంటాడుతూ సరిహద్దు దాటిపోవచ్చని కూడా చట్టమే ఒప్పుకుంది. ఈటె కొనకు మండుతున్న మట్టి పెళ్ల గుచ్చి, వేటకుక్కలతో, కొమ్ము ఊదుకుంటూ పోవాలి. దారిలో ఎదురైనవాడు ఆ వేటలో కలవాలి, కలవకపోతే వాడూ దొంగల తోడు కిందే లెక్క.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కాని వార్డెన్లలో కొందరు ఆ ఇంటిపేర్ల పెద్దలే. మాక్స్‌వెల్లులు, కెర్లు, జాన్‌స్టన్లు స్కాట్లాండు పక్కన ఆ పదవులు ఏలారు. కంచే చేను మేస్తే కాపు ఎవరితో చెప్పుకుంటాడు?

ఇక్కడే బ్లాక్‌మెయిల్ అడుగుపెట్టింది. ఆ లోయలో బలమైన ఇంటిపేరు పెద్ద మనుషులను పంపుతాడు. ఏటా ఇంత ధాన్యం, ఇన్ని గొడ్లు, లేదా ఇంత సొమ్ము ఇస్తే తన మనుషులు ఈ ఊరి జోలికి రారని మాట ఇస్తాడు. ఇంకో ముఠా వచ్చి గొడ్లు తోలుకుపోతే వెంటపడి తెచ్చిపెడతానని కూడా అంటాడు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు, పక్క ఊరి పైకప్పు పొగ చూస్తే చాలు. రైతుకు ఇది దోపిడీ అని తెలుసు. కాని రాజుకు కట్టే పన్ను కంటే దీనికి ఫలితం కంటి ముందు కనిపిస్తుంది. పన్ను పుచ్చుకున్న రాజు అర్ధరాత్రి మంద వెంట పరుగెత్తడు. బ్లాక్‌మెయిల్ పుచ్చుకున్నవాడు ఒక్కోసారి పరుగెత్తేవాడు. అందుకే దానికి దోపిడీ అనే పేరు కాక, కౌలు అనే పేరొచ్చింది. ఒడంబడిక అనే మూలార్థం అందులో బతికే ఉంది. ఆ ఒడంబడికకు పూచీ భయం.

ఈ వసూళ్లలో అందరికంటే పేరు మోసినవాడు గిల్నాకీ జానీ ఆర్మ్‌స్ట్రాంగ్. సరిహద్దు నుంచి న్యూకాసిల్ దాకా ఇంగ్లండు పక్క పెద్దమనుషులంతా అతనికి సొమ్ము కట్టేవారని స్కాట్లాండు పాత చరిత్రకారులు రాశారు. తన దేశంవాళ్ల జోలికి పోలేదని అతని గర్వం. 1530లో స్కాట్లాండు రాజు అయిదో జేమ్స్ వేటకు వచ్చినట్టు సరిహద్దుకు వచ్చాడు. రాజుకు అప్పటికి 18 ఏళ్లు. జానీ మంచి బట్టలు కట్టుకుని, తన మనుషులతో దర్జాగా దర్శనానికి వెళ్లాడు. కార్లన్‌రిగ్ దగ్గర రాజు వాళ్లను పట్టుకుని విచారణ లేకుండా చెట్లకు ఉరి తీయించాడు. ఒక రాజు తన రాజ్యంలో రెండో వసూలుదారుణ్ణి సహించలేకపోయాడు. కాని ఆ పనితో ఊళ్లకు కావలి రాలేదు. ఆర్మ్‌స్ట్రాంగులకు రాజు మీదున్న కాస్త భక్తి కూడా చచ్చిపోయింది. జానీ మీద కట్టిన పాట ఆ కొండల్లో తరాల తరబడి పాడుకున్నారు.

రాజు ఉరితాడుకు లొంగనివాళ్లు దేవుడి శాపానికి లొంగుతారేమోనని అంతకు ముందే ఒక ప్రయత్నం జరిగింది. 1525లో గ్లాస్గో ఆర్చిబిషప్ గావిన్ డన్‌బార్ రీవర్ల మీద ఒక మహాశాపం రాసి చర్చిలన్నిట్లో చదివించాడు. తల నుంచి కాలి గోరు దాకా, నిలబడినా కూర్చున్నా, ఇంట్లో ఉన్నా గుర్రం మీదున్నా, వాళ్ల పంటలను, పశువులను, బిడ్డలను పేరుపేరునా శపించాడు. ఫలితం శూన్యం. 2001లో కార్లైల్ పట్నంలో ఆ శాపంలోని 383 మాటలను ఒక పెద్ద బండరాయి మీద చెక్కించి నిలబెట్టారు. ఆ ఏడాదే ఆ ప్రాంతంలో గొడ్లకు గాళ్ల రోగం వచ్చింది, 2005లో వరద వచ్చింది. రాయిని తీసేయమని ఊళ్లో కొందరు పట్టుబట్టారు. రాయి ఇంకా ఉంది.

1596లో జరిగిన ఒక సంఘటన ఆ సరిహద్దు తీరును నడివీధిలో పెట్టింది. మార్చి 17న వార్డెన్ల కూటమికి వచ్చి ఇంటికి పోతున్న కిన్మాంట్ విల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను, శాంతి దినం ముగియకుండానే, ఇంగ్లండు మనుషులు తరిమి పట్టుకున్నారు. కార్లైల్ కోటలో పెట్టారు. విల్లీ పేరుమోసిన గజదొంగ, అందులో సందేహం లేదు. కాని మాట తప్పింది చట్టం పక్షంవాళ్లు. స్కాట్లాండు పక్కనున్న బక్లూ ప్రభువు వాల్టర్ స్కాట్ విడిచిపెట్టమని అడిగాడు, వినలేదు. ఏప్రిల్ 13 రాత్రి, కుండపోత వానలో, కొద్ది డజన్ల మందితో వెళ్లి కోటలోంచి విల్లీని ఎత్తుకుపోయాడు. ఎలిజబెత్ రాణి మండిపడింది. ఒక దొంగ కోసం రెండు రాజ్యాల మైత్రి తెగేదాకా వెళ్లింది.

ఆ రాణి పాలన చివర్లోనే ‘బ్లాక్‌మెయిల్’ అనే మాట ఇంగ్లండు చట్టంలోకి ఎక్కింది. 1601లో పార్లమెంటు కంబర్లండ్, నార్తంబర్లండ్, వెస్ట్‌మోర్లండ్, డరమ్ ప్రాంతాల కోసం ఒక శాసనం చేసింది. సొమ్మో ధాన్యమో గొడ్లో, ఏ రూపంలోనైనా సరే, అక్కడివాళ్లు బ్లాక్‌మెయిల్ అని పిలిచే వసూలు ఘోర నేరమని, శిక్ష మరణమని అందులో రాశారు. పుచ్చుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ అదే శిక్ష. పార్లమెంటు తర్కం తేలిగ్గానే అర్థమవుతుంది: ఇచ్చేవాళ్లు లేకపోతే అడిగేవాళ్లుండరు. కాని ఆ శాసనాన్ని లోయలోని పేద రైతు కళ్లతో చదివితే గుండె తరుక్కుపోతుంది. ఇవ్వకపోతే ఇల్లు కాలుతుంది, ఇస్తే ఉరి పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాను కావలి కాయలేకపోయిన ప్రభుత్వం, కావలి కొనుక్కున్నవాణ్ణి దోషిని చేసింది. ఈ కథలో అన్నిటికంటే పెద్ద అన్యాయం అదే.

చివరికి ఆ వసూళ్లను ఆపింది శాసనం కాదు, ఒక చావు. 1603 మార్చి 24న ఎలిజబెత్ కన్నుమూసింది. ఆ కబురు మోసుకుని గుర్రాలు మారుస్తూ మూడు రోజుల్లోపే లండన్ పక్క నుంచి ఎడిన్‌బరో చేరినవాడు రాబర్ట్ కేరీ. అతను ఇంగ్లండు మధ్య మండలపు వార్డెన్. స్కాట్లాండు రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండుకు మొదటి జేమ్స్ అయ్యాడు. రాణి పోయింది కాబట్టి చట్టమూ పోయిందనుకుని గ్రాహాములు, ఆర్మ్‌స్ట్రాంగులు కంబర్లండు మీద పడి దొరికిన మందనల్లా తోలుకుపోయారు. ఆ రోజులకు ‘చెడ్డ వారం’ అని పేరు మిగిలింది. అదే వాళ్ల ఆఖరి ఊపు.

రెండు రాజ్యాలకూ రాజు ఒక్కడే అయ్యాక దాటిపోవడానికి సరిహద్దు ఎక్కడుంది? అటు నేరం చేసి ఇటు దాక్కునే వీలు పోయింది. జేమ్స్ ఆ ప్రాంతానికి సరిహద్దు అనే పేరే తీసేసి నడిమి జిల్లాలు అన్నాడు. ఆయుధాలు పట్టకూడదన్నాడు, మేలుజాతి గుర్రాలు ఉంచుకోకూడదన్నాడు. ముందు ఉరి తీసి తర్వాత విచారించే తీరుకు జెడ్‌బరో ఊరి పేరే నానుడిగా మిగిలిపోయింది. గ్రాహాములను కుటుంబాలతో సహా ఓడలెక్కించి ఐర్లండుకు తోలారు. దొంగతో పాటు పసిబిడ్డలూ ముసలివాళ్లూ ఊరు విడిచారు. ఆ కొండల్లో శాంతి వచ్చింది. అది ఎంత ఖరీదైనదో చెప్పే సమాధులు చాలానే ఉన్నాయి.

సరిహద్దులో ఉనికి పోయిన మాట ఇంకా ఉత్తరాన, స్కాట్లాండు ఎత్తు కొండల్లో బతికింది. అక్కడ దానికి ముఖం రాబ్ రాయ్ మాక్‌గ్రెగర్. 1671లో పుట్టిన ఇతను పశువుల వ్యాపారి. మాంట్రోజ్ ప్రభువు దగ్గర తెచ్చిన పెట్టుబడి చేజారి, ఇల్లూ పొలమూ పోయి దేశద్రిమ్మరి అయ్యాడు. పల్లపు ప్రాంతాల రైతుల దగ్గర సొమ్ము పుచ్చుకుని వాళ్ల మందలకు కావలి కాసేవాడు. 1725లో ప్రభుత్వమే జనరల్ వేడ్ చేతికింద కొండ దళాలను పెట్టి ఆ కావలి పని తన చేతికి తీసుకుంది. రాబ్ రాయ్ 1734లో చనిపోయాడు. 1746లో కల్లోడెన్ పోరులో ఓడిపోవడంతో కొండ పెద్దల బలమే విరిగిపోయింది. వసూళ్లు పోయాయి, మాట మిగిలింది. 1817 చివర్లో రచయిత వాల్టర్ స్కాట్ ‘రాబ్ రాయ్’ నవల వచ్చి ఆ మాటను ఇంగ్లీషు చదివే ఇంటింటికీ చేర్చింది.

కావలి రుసుము ఒక్క స్కాట్లాండు సొత్తు కాదు. 1800లో నిజాం ఇచ్చేసిన దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. కడప, బళ్లారి సీమల్లో అతను తలపడ్డ దాదాపు 80 మంది పాలెగాళ్ల బలానికి ఊళ్ల కావలి, దాని పేరిట వసూళ్లు కూడా ఒక ఆధారం. రాజ్యం బలహీనపడ్డ చోటల్లా కత్తి ఉన్నవాడే కావలివాడవుతాడని ఆ గ్లాస్గో మనిషికి తన ఊరి చరిత్ర ముందే చెప్పి ఉంటుంది.

19వ శతాబ్దపు నగరంలో ఆ మాటకు కొత్త కొలువు దొరికింది. నగరంలో మంద లేదు, పరువు ఉంది. మనిషికి పోగొట్టుకుంటానన్న భయం గొడ్ల మీద నుంచి పేరు ప్రతిష్ఠల మీదికి మారింది. పాత ప్రేమలేఖ, తప్పటడుగు, దాచుకున్న అప్పు చాలు. అచ్చువేస్తానని బెదిరించి సొమ్ము గుంజడం నేరమని ఇంగ్లండులో 1843 నాటి చట్టమే చెప్పింది. 1904లో కోనన్ డాయల్ తన షెర్లాక్ హోమ్స్ కథల్లో మిల్వర్టన్ అనే పాత్రతో ఈ వృత్తికి రూపం కట్టాడు. 1929లో హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ పేరుతోనే సినిమా తీశాడు. 1968 చౌర్య చట్టం 21వ సెక్షన్‌లో అదే నేరం పేరైంది, గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు. ఇచ్చినవాడికి శిక్ష లేదు.

ఆ ఇంటిపేర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1969 జులైలో చంద్రుడి మీద కాలు పెట్టినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్, వైట్‌హౌస్ నుంచి అతనికి ఫోను చేసినవాడు నిక్సన్. రెండూ పాత సరిహద్దు లోయల పేర్లే. 1972 మార్చిలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆర్మ్‌స్ట్రాంగుల పుట్టిల్లయిన లాంగ్‌హోమ్ ఊరికి వెళ్లి పౌరసత్వ గౌరవం అందుకున్నాడు. ఆ ఇంటిపేరువాడు ఊళ్లో కనిపిస్తే ఉరి తీయాలనే నాలుగు వందల ఏళ్ల నాటి పాత శాసనాన్ని ఆ సభలో చదివి వినిపించారు.

స్కాట్లాండు పల్లె నుంచి తెలుగు నోటికి వచ్చిన జంట పదం కథ ఇది. వచ్చే భాగంలో దారి తిరగబడుతుంది. తెలుగు చేలగట్ల మీద కన్నాలు తవ్వి, ధాన్యం ఎత్తుకుపోయే ఒక జంతువు పేరు ఓడలెక్కి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి చేరింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియా వెళ్లి, తనకు ఏ చుట్టరికమూ లేని మరో జంతువుకు పేరైంది. మన ‘పందికొక్కు’ ‘బాండికూట్’ అయిన ప్రయాణం వచ్చే భాగంలో.